మోకు మీద కూర్చున్న మనిషి

ఈమధ్య జమ్మికుంటలో ఒక దుకాణం ముందు పెట్రోలుతో నడిచే నీళ్ల పంపులు వరసగా పెట్టి ఉంటే ఆగి చూశాను. ఎర్రవి, పచ్చవి, ఒక చేత్తో ఎత్తుకుపోయేంత చిన్నవి కూడా ఉన్నాయి. దుకాణదారు ఒక రైతుకు అన్నీ చెబుతున్నాడు. ఆయిలు ఎంత పోయాలి, తాడు ఎట్లా గుంజాలి, లీటరు పెట్రోలుకు ఎంతసేపు నడుస్తుంది. అసలు చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు. నేను మధ్యలో దూరి ఆ మాట చెప్పబోతే, బేరం చెడగొట్టడానికి వచ్చిన పక్క దుకాణం మనిషిననుకున్నారేమో, ఇద్దరూ ఒకేసారి నా వైపు గుర్రుగా చూశారు. చెప్పే వచ్చాననుకోండి. సగం వినకుండానే ఆ రైతు పంపును ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. చదివే ఓపిక మీకుంటే చాలు.

నేను అగ్నిమాపక శాఖలో డ్రైవర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పేరులో డ్రైవర్ ముందున్నా నాకు ఆపరేటర్ పనే ఇష్టం. మంట దగ్గరికి పోయేవాళ్లు వేరే ఉంటారు. వాళ్ల చేతిలోని గొట్టంలోకి నీళ్లు ఆగకుండా పంపడం నా పని. నీళ్లు ఆగితే ముందు వాళ్ల నోటి నుంచి వచ్చేది నా పేరే కాబట్టి, పంపు విషయంలో నాకు ముక్కు మీద కోపం ఉండేది.

నా చివరి పోస్టింగు గోదావరి ఒడ్డున ధర్మపురి వైపు ఒక చిన్న స్టేషన్. పొద్దున్నే హాజరు అయ్యాక, చేత్తో మోసుకుపోయే మా చిన్న పెట్రోలు పంపును ఆవరణ మధ్యకు తెచ్చి, నీళ్లు పోసి నింపి, కాసేపు నడిపి ఆపేవాణ్ణి. వాన పడుతున్నా సరే, షెడ్డు కింద స్టార్ట్ చేయనిచ్చేవాణ్ణి కాదు. వేడి ఇంజన్‌లో పెట్రోలు పోస్తానంటే క్యాను లాక్కునేవాణ్ణి. మా వాళ్లు దాన్ని నా రెండో సంసారమనేవాళ్లు. అందరికంటే ఎక్కువ ఆటపట్టించింది మా లీడింగ్ ఫైర్‌మన్. సన్నటి మనిషి, ఆదివారం మెథడిస్టు చర్చిలో పాటలు పాడేవాడు. గొంతు బాగుండేది. ఆ సంగతి ఆయనకు తెలియడమే మాకు చిక్కు, స్టేషన్‌లో కూడా పాడేవాడు. "అన్నా, వదినకు గూడ గింత సేవ చేస్తవా?" అని నా పంపు వైపు చూపించి అడిగేవాడు. ఇంకా మీసం సరిగా రాని ఒక స్టేషన్ ఆఫీసర్ ఉండేవాడు. మాట తక్కువ, నిర్ణయం తొందర. మా ముగ్గురికీ బాగానే కుదిరేది.

అది యాసంగి, రెండో పంట కాలం. వరి గింజ పాలు పోసుకునే సమయం. మధ్యాహ్నం అన్నాల వేళకు ఫోను వచ్చింది. ఒక ఊళ్లో, పొలం బావిలో మనిషి పడ్డాడన్నారు. బావిలో పడ్డాడంటే మేము నీళ్లలో పడ్డాడనుకుంటాం. తాళ్లు, గాలం, టైరు ట్యూబు పట్టుకుని బయల్దేరుతుంటే స్టేషన్ ఆఫీసర్ మళ్లీ ఆ నంబరుకే ఫోను చేసి, లోపల ఏముంది అని అడిగాడు. పెట్రోలు పంపు ఉందన్నారు. అప్పుడు గాలి సిలిండర్లు, మాస్కులు కూడా బండిలో వేసుకున్నాం. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆ పిల్లవాణ్ణి నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

దారిలో తెలియనిదంతా తర్వాత తెలిసింది. ముందే చెప్పేస్తాను.

ఆ పొలం ఇద్దరు అన్నదమ్ములది. తమ్ముడు మస్కట్‌లో పనిచేసి సెలవు మీద వచ్చాడు. పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది రేపు, ఎల్లుండి అంటున్నారు. వరికి ఒక తడి అందకపోతే గింజ తాలుగా పోతుంది. అక్కడ తాను పనిచేసే చోట ఇట్లాంటి పంపులు నడిపినవాడే కాబట్టి తమ్ముడు ఒక పెట్రోలు పంపు తెచ్చాడు. బావి ఒడ్డున పెట్టి నడిపితే నీళ్లు ఎక్కలేదు. నీళ్లు చాలా లోతుకు పోయాయి.

ఇక్కడ కాస్త పంపు సంగతి చెప్పాలి. పంపు నీళ్లను పైకి బాగానే తోస్తుంది. కింద నుంచి పీల్చడంలోనే దాని బలం తక్కువ. మూడు నిలువుల లోతు దాటిందంటే ఇక దానికి దమ్ము చాలదు. మన దగ్గర రైతులకు ఈ సంగతి తాతల నాటి నుంచి తెలుసు. అందుకే ఎండాకాలం నీళ్లు కిందికి పోయినకొద్దీ మోటరును కూడా కిందికి దించుతారు. బావి లోపల రాతి దిమ్మె కట్టుకుని, దాని మీద మోటరును కూర్చోబెడతారు. కరెంటు మోటరు పొగ వదలదు, గాలి తాగదు. ఎంత లోతున పెట్టినా మనిషికి ఏమీ కాదు. ఏళ్ల తరబడి చేసిన పని చేతికి అలవాటైపోయింది. పెట్రోలు పంపును కూడా అదే చేత్తో, అదే దిమ్మె మీదికి దించారు. మస్కట్‌లో అతను నడిపిందంతా ఆరుబయట. అక్కడ బావులూ లేవు, దిమ్మెలూ లేవు.

పెట్రోలు ఇంజన్ వదిలే పొగలో ఒక విషవాయువు ఉంటుంది. కంటికి కనిపించదు, వాసన రాదు, దగ్గు రాదు. బయట అయితే గాలిలో కలిసి పోతుంది. గుంతలో, బావిలో, తలుపులు మూసిన గదిలో అట్లాగే నిలబడుతుంది. మొదట తల బరువెక్కుతుంది, ఆ వెంటనే కాళ్లు చచ్చుబడతాయి. తప్పించుకోవాలన్న ఆలోచన వచ్చేసరికి కాళ్లు మాట వినవు. దుకాణంలో ఎవరూ చెప్పని మాట ఇదే. ఇంజన్ ఒడ్డు మీదే ఉండాలి. నీళ్లు అందకపోతే ట్రాక్టర్ జనరేటర్ తెచ్చి ఒడ్డున పెట్టుకుని, కరెంటు మోటరును దించుకోండి. అదీ దొరక్కపోతే పంట ఎండిపోనివ్వండి. పంట పోతే వచ్చే యాసంగి ఉంటుంది.

తమ్ముడు పంపును దించి, స్టార్ట్ చేసి పైకి వచ్చాడు. నీళ్లు పడ్డాయి. అందరూ సంతోషించారు. కాసేపటికి ధార సన్నబడింది. ఏమైందో చూడడానికి మళ్లీ మోకు పట్టుకుని దిగాడు. ఆ బావికి మెట్లు లేవు. ఒడ్డున పాతిన రాతి కడీకి కట్టిన లావుపాటి మోకు పట్టుకునే దిగాలి. దిగి, దిమ్మె మీద కూర్చుండిపోయాడు. పిలిస్తే తల ఎత్తలేదు. పక్క చెలక రైతు నడుముకు ఆ మోకునే కట్టుకుని సగం దాకా దిగి, కాళ్లు వణుకుతున్నాయని అరిచాడు. నలుగురు కలిసి పైకి లాగితే ఒడ్డున పడి వాంతులు చేసుకున్నాడు.

అప్పుడు అన్న దిగబోయాడు.

మేము పోయేసరికి బావి చుట్టూ ఊరు ఊరంతా ఉంది. బండి ఆ సన్నటి ఒరం గట్టు మీదికి రాదు, బాటలోనే ఆపి సామాను మోసుకుంటూ పరుగెత్తాం. జనం విడిపోయి దారి ఇచ్చారు. ముందుగా కనిపించింది ఒక ఆడమనిషి. బావి ఒడ్డున, పైకి లాగి చుట్టగా పడేసిన మోకు మీద కూర్చుని ఉంది. చేతిలో గడ్డి కోసే కొడవలి. లోపల ఉన్నది ఆమె మొగుడు.

అన్న మాకు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "సార్, గామెను లేపుండ్రి సార్! నా తమ్ముడు లోపట మూలుగుతుండు. నాకు ఇనవడ్తుంది. మోకు ఇస్తలేదు. దిగనిస్తలేదు!"

"లాంతరు దించి చూసినం సార్," అన్నాడు ఒక పెద్దమనిషి. "మంచిగనే వెలిగింది. ఇంజన్ గూడ బంద్ అయింది. పొగ లేదు, గాలి సాఫ్ ఉన్నది. గీమెకే దిమాక్ ఖరాబయింది."

జనంలోంచి ఒక ముసలామె దుమ్మెత్తి పోసింది. "మొగడు సస్తుంటే మోకు మీద గూసున్న దాన్ని నేనెన్నడు సూడలే!"

మోకు మీది మనిషి మా బట్టలు చూసి, మాతోనే మాట్లాడింది. "లాంతరు వెలిగితే ఏంది సారు? మా బాపు మంచిర్యాల దిక్కు బొగ్గుబాయిల పని చేసిండు. లాంతరు వెల్గుతనే ఉంటది, మనిషి పడ్తడు అని చెప్పేటోడు. పడ్డోని ఎనక ఉత్తగ పోవద్దనేటోడు. ఒగలు పోయిండ్రు, ఇంకొగలు సగం సచ్చి వచ్చిండ్రు. గిప్పుడు మా బావ పోతడంటుండు. పోనియ్య."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. దీపాన్ని ఆర్పే చెడుగాలి వేరు. అది పాత బావుల్లో ఉంటుంది, లాంతరు దించి చూసే పద్ధతి దాని కోసం పుట్టింది. ఇంజన్ వదిలే గాలి దీపాన్ని ముట్టుకోదు, మనిషినే ముట్టుకుంటుంది. పెద్దల పద్ధతి పాటించామన్న ధైర్యంతో ఆ రోజు ఇంకెంతమంది దిగేవాళ్లో నాకు తెలియదు.

మరి అంతమంది మగవాళ్లు ఒక ఆడమనిషి చేతిలోంచి మోకు లాక్కోలేరా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. కొడవలికి కొందరు జంకారు. అన్న మాత్రం కొడవలికి భయపడే మనిషి కాదు. అక్కడ తమ్ముడి భార్యను అన్న వేలితో కూడా తాకడు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడటం కూడా తప్పే. తమ్ముడి ప్రాణం పోతున్నా ఆయన చెయ్యి ఆమె మీద పడలేదు. ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి, తన తలే కొట్టుకుంటూ ఏడ్చాడు. ఆ కట్టుబాటు ఆ రోజు ఆయనను బతికించింది.

నేను వంగి బావిలోకి చెవి పెట్టాను. పైపు చివర నుంచి నీటి బొట్లు పడే చప్పుడు తప్ప నాకు ఏమీ వినపడలేదు. కాని నా చెవులు ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన నిలబడి చెడిన చెవులు. వాటి సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు.

లీడింగ్ ఫైర్‌మన్ సిలిండర్ వీపుకు కట్టుకున్నాడు. మాస్కు వేసుకునే ముందు కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. మామూలు రోజైతే, పాట మొదలుపెడతావా ఏంది అని నేను అడిగేవాణ్ణే. ఆమె ఆయనను కింది నుంచి పై దాకా చూసింది.

"నువ్వు లోపట ఏం పీలుస్తవు అన్నా?"

ఆయన వీపు తిప్పి సిలిండర్ మీద తట్టి చూపించాడు. "నా గాలి నేనే తీస్కపోతున్న అక్కా. లోపటి గాలి నాకు అక్కర లేదు."

ఆమె లేచింది. కొడవలి కింద పెట్టింది. మా దగ్గర మా తాడు ఉన్నా, ఆ మోకును తనే ఎత్తి ఆయన చేతికిచ్చింది. అప్పుడు చూశాను, ఆమె కాళ్లు రెండూ గడగడ వణుకుతున్నాయి. అంతసేపూ కూర్చుని ఉండటం వల్ల ఎవరికీ కనిపించలేదు.

మా చిన్న పంపును నేను ఒడ్డుకు దూరంగా, గాలి మా వైపు నుంచి అవతలికి వీచేటట్టు చూసి పెట్టాను. నీళ్లను సన్నటి తుంపరగా బావిలోకి కొడితే లోపలి గాలి కొంత కదులుతుంది. ఎవరో వెనక నుంచి, "మీ పంపు గూడ దించుతరా సార్?" అని అడిగారు. ఆ రోజు ఆ మనిషిని నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. అడిగిన పాపానికి ఆయన జన్మలో పంపు వంక చూడడు.

తమ్ముణ్ణి పైకి తెచ్చాం. ఒడ్డున పడుకోబెట్టి, మా ఆఫీసర్ మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కాడు. చేతులు పడిపోతే నేను నొక్కాను. అంబులెన్సు వచ్చింది. అందులో కూడా నొక్కుతూనే వెళ్లారు. ఆసుపత్రిలో లేడన్నారు. ఎప్పుడు పోయాడని డాక్టరును ఎవరూ అడగలేదు. అడిగినా నిమిషం లెక్కన ఎవరూ చెప్పలేరు.

బండి ఎక్కుతుంటే అన్న గొంతు వినబడింది. జనం మధ్య నిలబడి అరుస్తున్నాడు. "మూలిగిండు! నేను ఇన్న! దిగనిస్తే బతుకుతుండె! నా తమ్మున్ని గిదే సంపింది!" ఆమె పక్కన ఆమె కూతురు, బడికి పోయే వయసు పిల్ల, తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఆ మాటలన్నీ విన్నది. నాకు దిగి వెళ్లి ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది. తమ్ముడు పోయినవాణ్ణి ఏమంటాం? తలుపు వేసుకుని బండి తిప్పాను.

మా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. ఆ ఊళ్లో లీడింగ్ ఫైర్‌మన్ చర్చికి వచ్చే కుటుంబం ఒకటుంది. వాళ్ల దగ్గర విని ఒక రోజు ఆయన పాట మానేసి నా దగ్గర కూర్చున్నాడు. "అన్నా, గామెను ఇంట్ల ఎవ్వరు పలకరిస్తలేరట. మొగన్ని సంపినదంటుండ్రు. దినాలైనంక పుట్టింటికి పంపిస్తరట. పిల్లను మాత్రం పంపరట, మా ఇంటి బిడ్డ అంటుండ్రట. పోదాం పా."

"పోయి ఏం చెప్తం? నేను మాట్లాడితే లొల్లి అయితది."

"లొల్లే కావాలె," అన్నాడు.

దినాలకు ముందు రోజు మామూలు బట్టల్లో, మోటర్‌సైకిల్ మీద వెళ్లాం. అన్న అరుగు మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది, కళ్లు గుంతలు పడ్డాయి. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. చుట్టాలు కొందరు లోపలా బయటా తిరుగుతున్నారు. గింజ ఎట్లా ఉందని అడగబోయి ఆపుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ అయితే వచ్చిందట. మేము తమ్ముణ్ణి బావి నుంచి తీసిన మర్నాడే వచ్చిందట.

నాకు మెత్తగా మాట్లాడటం చేత కాదు. సూటిగా అడిగేశాను. "ఆమె మోకు ఇచ్చుంటే ఏమయ్యేదో తెలుసా? ఆ రోజు మేము ఇద్దరిని తీసేవాళ్లం. నీ వెనక ఇంకొకడు దిగితే ముగ్గురిని. మీ తమ్ముడి పక్కన నువ్వు పడుకుని ఉండేవాడివి. నిన్ను బతికించిన మనిషిని ఇంట్లోంచి పంపిస్తవా?"

ఆయన కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తల వంచుకున్నాడు.

"ఎరుకే సారు. గా రోజే ఎరుకైంది. పక్క చేనాయన వాంతులు చేసుకుంటుంటెనే ఎరుకైంది." గొంతు బాగా తగ్గించాడు. "పంపు దించుదామన్నది నేనే. వాడు వద్దన్నడు. ఇంజన్ గద అన్నా, లోపట మంచిగుండదేమో అన్నడు. ఎన్నేండ్ల సంది మోటరు దించుతలేమా, నీకు మస్కట్ పోయినంక భయం వట్టుకుందా అని నవ్విన. గా మాటకే వాడు దించిండు. ఆమె చేసింది సరే అని ఒప్పుకుంటే, ఇగ మిగిలేది నేనే గద సారు. ఆమె మీద అరుస్తుంటే జర నిద్ర పడ్తుంది."

నా దగ్గర తిట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. కాని ఆ మనిషి మీద జాలి వేసింది. లీడింగ్ ఫైర్‌మన్ లేచి వెళ్లి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

లోపలి నుంచి ఆమె మాకు మంచినీళ్లు తెచ్చింది. వెనకే కూతురు. చెంబు నా చేతికిచ్చి వెళ్లిపోలేదు. గుమ్మం పక్కన ఆగింది. ఎన్ని రోజులుగా మోస్తున్నదో ఆ ప్రశ్నను, నన్ను చూడగానే అడిగేసింది.

"సారు, నేను మోకు గుంజినప్పుడు ఆయన ఉండెనా, పోయిండెనా?"

చుట్టాలు ఎక్కడి వాళ్లక్కడ ఆగిపోయారు. నేను ఫైరు ఉద్యోగిని. చూసింది చెప్పడం, చూడనిది చెప్పకపోవడం నాకు అలవాటు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బావిలోకి దిగిన లీడింగ్ ఫైర్‌మన్ దగ్గరా లేదు. ఎండాకాలం బావిలో శరీరం వెచ్చగానే ఉంటుంది, చెయ్యి పట్టుకుంటే ఏమీ తెలియదు. తెలియదు అని చెప్పడానికి నోరు తెరిచాను.

"పోయిండు బిడ్డా."

ఆ మాట అన్న నోటి నుంచి వచ్చింది. అరుగు దిగి, ఆమెకు దూరంగా, మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. "అప్పటికే పోయిండు. మూలుగు గీలుగు ఏం లేదు. నేను ఉత్తగనే అన్న. నాకేం ఇనవడలే."

"ఒట్టేనా బావా?"

మా వైపు ఇట్లాంటి ఒట్టు పిల్లల తల మీద పెడతారు. పిల్ల అక్కడే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో నిలబడి ఉంది. ఆయన చెయ్యి ఆ తల మీదికి పోయి, మధ్యలో ఆగింది. వెనక్కి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"నా తల మీద ఒట్టు," అన్నాడు.

నేను చూశాను. లీడింగ్ ఫైర్‌మన్ చూశాడు. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో ఆమె కూడా చూసింది. గుమ్మంలోనే కూలబడి, అందరి ముందూ గొంతెత్తి ఏడ్చింది. ఆ ఊరు ఆమె ఏడుపు వినడం అదే మొదటిసారి. ఆ రోజు బావి దగ్గర దుమ్మెత్తి పోసిన ముసలామే చుట్టాల్లోంచి ముందుగా వచ్చి పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.